మూడు గీతల విద్య

పళ్ళాయన పళ్ళ డాక్టరు కాడు. ఈ ముక్క ముందే చెప్పకపోతే ఆయనకు కోపం వస్తుంది. డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపిస్తే, వాటిని బట్టి కట్టుడు పళ్ళు చేసే మనిషి. ఇస్త్రీ దుకాణం పైన ఆయన ల్యాబు. ముందు గదిలో అరల నిండా ప్లాస్టరు దవడలు, ఒక్కోదానికి ఒక్కో చీటీ. వెనక గదిలో పొడుగాటి బల్ల. వారానికి ఆరు రోజులు ఆ బల్ల మీద పరాయివాళ్ళ చిగుళ్ళు ఆరుతుంటాయి. ఆదివారం మధ్యాహ్నం వాటిని పక్కకు జరిపి, అయిదుగురు చుట్టూ కూర్చుని ఆట ఆడతారు.

ఆటలో నలుగురు తలా ఒక వేషం కడతారు. రంగులూ కిరీటాలూ ఏమీ ఉండవు, కాగితం మీద వేషం. పేరు, ఆయుధం, ముప్ఫై ప్రాణాలు. అయిదోవాడు పళ్ళాయన, ఆట నడుపుతాడు. ఏ తలుపు వెనక ఏ రాక్షసుడున్నాడో ఆయనకే తెలుసు. రాక్షసుల తరఫున పాచికలు వేసేది కూడా ఆయనే, అదీ తన ముందు నిలబెట్టుకున్న అట్టపెట్టె తెర వెనక. రెండు పాచికలు కలిపి ఎంత పడితే అన్ని ప్రాణాలు పోతాయి. రెండు పడితే గీసుకుపోయినట్టు, పన్నెండు పడితే ఎముకలు పిండి అయినట్టు. పాచికలు కూడా ఆయన చేసినవే. కట్టుడు పళ్ళకు చిగుళ్ళు పోయగా మిగిలిన గులాబీ రంగు ముద్దని పారెయ్యడానికి మనసొప్పక, చదరంగా కోసి, చుక్కలు తొలిచి, పాలిష్ పట్టాడు. మొదటిసారి చూసినవాళ్ళు వాటిని ముట్టుకోవడానికి కాస్త జంకుతారు.

ఆ బల్ల దగ్గర ఒక పద్ధతి ఉంది. ఏడాదికొకసారి ఎవరికి వాళ్ళు యుద్ధంలో వాడుకోవడానికి ఒక సొంత విద్య కల్పించుకుని తేవచ్చు. తెచ్చినదల్లా చెల్లదు. పళ్ళాయన దాన్ని తూచాలి. ఆ విద్య లేకుండా యాభై యుద్ధాలు, ఆ విద్యతో యాభై యుద్ధాలు ఒక్కడే కూర్చుని పాచికలు వేసి, గెలుపోటములు కాగితం మీద రాస్తాడు. మరీ బలంగా ఉంటే కత్తిరిస్తాడు, మరీ నీరసంగా ఉంటే కాస్త పోషిస్తాడు. చివర సంతకం చేసి గోడకు అతికిస్తాడు. దాన్ని తూకం కాగితం అంటారు. సంతకం పడ్డాక ఎవరు మొత్తుకున్నా అంకె మారదు. ఇవన్నీ పెద్దవాళ్ళు చేసే పనులేనా అని ఆయన భార్య ఒకసారి అడిగింది. అప్పటికి ఆయన నలభయ్యో యుద్ధంలో ఉన్నాడు, వినిపించుకోలేదు.

ఆట పుట్టిందే చెల్లెలి కోసం. చెల్లెలు తొమ్మిదేళ్ళు డ్రైవింగు స్కూల్లో కారు నేర్పింది. గేరు మార్చమంటే కళ్ళు మూసుకునేవాళ్ళని కూడా రోడ్డు మీదకు తెచ్చిన మనిషి. ఒకరోజు వానలో ఇంటికొస్తూ, లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీని గుద్దింది. భుజం ఎముక, కుడి మణికట్టు విరిగాయి. ఎముకలు మూడు నెలల్లో అతుక్కున్నాయి. మనిషే అతుక్కోలేదు. తాళంచెవి చూస్తే చెమటలు. గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉండేది, పలకరిస్తే ఊ అనేది. ఆమెను ఆ గదిలోంచి లాక్కురావడానికి పళ్ళాయన ఈ ఆట పెట్టాడు. రెండో ఆదివారం తెర వెనక తోడేలుకు పదకొండు పడింది. చెల్లెలికి మిగిలింది ఏడు ప్రాణాలు. ఆ రోజే మొదటిసారి ఆమె నవ్వింది. పళ్ళాయన పాచికల వంక చూశాడు, చెల్లెలి వంక చూశాడు, "నాలుగు" అన్నాడు.

అంతే, అక్కడ మొదలైంది. రెండేళ్ళు గడిచాయి. నిజంగా ఆడి ఉంటే చెల్లెలు కట్టిన కాపలాదారు వేషం ఈపాటికి పదకొండుసార్లు చచ్చేది. కానీ ఆమె తెర ఇవతలే కూర్చుంది కదా, చావలేదు గనక తనకు తెలివుందనుకుంది. లెక్క వేసుకుని అడుగేస్తే బతకొచ్చనుకుంది. ఆ నమ్మకంతోనే పోయిన నెల తనంతట తనే డ్రైవింగు స్కూలుకు వెళ్ళి ఉద్యోగం అడిగింది. మంగళవారం ఓనరు పక్కన కూర్చుని పరీక్ష చేస్తానన్నాడు. ఆ ధైర్యమంతా ఒక అట్టపెట్టె వెనక చెప్పిన అబద్ధమని ఆమెకు తెలిస్తే, మళ్ళీ ఆ గదిలోకి పోయి గోడవైపు తిరుగుతుంది. పళ్ళాయన భయం ఇదొక్కటే. దాంతో ఆయనకు ఎవర్ని చూసినా అనుమానమే.

ముందుగా అనుమానం పడింది లెక్కల టీచరు మీద. ఆవిడ ఆటలో విలుకత్తె. బయట తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతుంది. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. నాలుగు వారాల కిందట చెల్లెలు ఒక కొత్త విద్య రాసుకొచ్చింది. రాసింది గళ్ళ కాగితం మీద. గళ్ళ కాగితాలు ఎవరి సంచిలో ఉంటాయి?

కాగితం మీద ఇలా ఉంది. "మూడు గీతలు. కాపలాదారుకు ఎనిమిది గానీ అంతకు మించి గానీ దెబ్బ తగిలినప్పుడల్లా డాలు మీద ఒక గీత గీసుకోవాలి. మూడు గీతలు పడ్డాక ఒక్క వేటు నాలుగు రెట్ల బలంతో వెయ్యొచ్చు. వేటు వేశాకో, యుద్ధం వదిలి వెనక్కి వస్తేనో గీతలు చెరిగిపోతాయి."

"ఇదేమిటి, దెబ్బలు తింటే గానీ పనిచెయ్యని విద్యా?" అన్నాడు పళ్ళాయన.

"ఏం, బాలేదా?" అంది చెల్లెలు.

"మూడు ఎనిమిదులంటే ఇరవై నాలుగు. నీకున్నవి ముప్ఫై. చావు గుమ్మం దాకా వెళ్ళి రావాలి కదమ్మా."

"వెళ్ళొస్తాలే అన్నయ్యా. నువ్వు తూచి చూడు ముందు."

బల్లకు అటు చివర టీచరు కళ్ళజోడు తుడుచుకుంటోంది. అంత తుడవాల్సిన దుమ్ము ఆ గదిలో లేదు.

ఆ వారమంతా భోజనం గంటలో తలుపు మూసుకుని తూచాడు. విద్య లేకుండా రాతి రాక్షసుడితో యాభై యుద్ధాలు వేశాడు. కాపలాదారు ఇరవై ఆరు గెలిచింది, ఇరవై నాలుగుసార్లు చచ్చింది. విద్యతో వేస్తే నలభై నాలుగు గెలిచింది. మరీ బలంగా ఉంది. నాలుగు రెట్లని మూడు చేసి మళ్ళీ యాభై వేశాడు. ముప్ఫై అయిదు గెలుపులు. ఇది న్యాయం. సగటున ఏడు దెబ్బలకు మూడు గీతలు పడుతున్నాయని కూడా కింద రాశాడు. పని విషయంలో ఆయన అబద్ధమాడడు. పన్ను వెంట్రుకవాసి ఎత్తుగా ఉన్నా మళ్ళీ అరగదీసే మనిషి. అంకెల్లో ఏ మూలైనా టీచరు పెట్టిన మెలిక దొరుకుతుందేమోనని కళ్ళలో వత్తులు వేసుకుని వెతికాడు. దొరకలేదు. సంతకం చేసి గోడకు అతికించాడు. తను అతికించినదేమిటో ఆయనకు తట్టలేదు. మెలిక కోసం వెతికేవాడికి చదునుగా ఉన్నది కనిపించదు.

తరవాత మూడు ఆదివారాలు ఆయనకు నరకం. ఒక్క ఎనిమిది చెబితే చాలు, చెల్లెలికి ఒక గీత వస్తుంది. ఈసారి చెబుదాం అనుకునేవాడు. తెర వెనక ఎనిమిది పడేది, తొమ్మిది పడేది. పడ్డ ఎనిమిదిని ఎనిమిది అనడానికి కూడా నోరు తిరిగేది కాదు. ఎనిమిది తరవాత ఇంకో ఎనిమిది, ఆ తరవాత ఇంకోటి, ఆరు ప్రాణాలతో మిగిలిన చెల్లెలు కళ్ళముందు కదిలేది. నోరు తనంతట తనే "అయిదు" అనేది. "నాలుగు" అనేది. చెల్లెలు సరే అని రాసుకునేది. మొహంలో ఏమీ కనిపించేది కాదు.

చుట్టూ ఉన్న ముగ్గురి మొహాల్లో మాత్రం ఆయనకు బోలెడు కనిపించేది. టీచరు ప్రతి వంతుకూ నోటుపుస్తకంలో ఒక టిక్కు పెట్టేది. ఎందుకు? ఆయన స్నేహితుడు ఒకడున్నాడు, లిఫ్టులు బాగుచేస్తాడు, అందరూ లిఫ్టు అనే పిలుస్తారు. వాడు ఆటలో తాళాలు తీసే దొంగ. ఆయన పాచికలు వేసినప్పుడల్లా వాడు తల ఒకవైపుకు వంచి చెవి నిక్కబొడిచేవాడు. ఎందుకు? ఇక చెల్లెలి భర్త, బావగారు, ఆటలో మంత్రగాడు. ఆ మంత్రాలు ఆయనకే గుర్తుండవు. రెండో ఆదివారం పళ్ళాయన టీ కప్పులు కడిగి వస్తుంటే, మెట్ల మీద బావగారూ టీచరూ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడుతున్నారు. ఆయన్ని చూడగానే ఇద్దరూ ఇస్త్రీ దుకాణం ఎంత శుభ్రంగా ఉందో మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ దుకాణం ఎంత శుభ్రమో అందరికీ తెలుసు.

మనిషికి అనుమానం ముదిరితే ఏం చేస్తాడో చెప్పలేం. ఆ వారం లిఫ్టు తన సొంత పాచికలు బల్ల మీద మరిచిపోయి వెళ్ళాడు. మరిచిపోయాడో, కావాలని వదిలాడో! పళ్ళాయన ప్లాస్టరు కలిపే రబ్బరు గిన్నెలో నీళ్ళు పోసి, పాచిక తేలేదాకా ఉప్పు కలిపాడు. ఒకవైపు బరువున్న పాచికైతే ఎన్నిసార్లు తిప్పినా ఒకే ముఖం పైకి తేలుతుంది. ఇరవైసార్లు తిప్పాడు. అన్ని ముఖాలూ మర్యాదగా వంతులవారీగా పైకొచ్చాయి. లిఫ్టు నిర్దోషి. నిజానికి ఆ గదిలో మోసపు పాచిక ఒక్కటే ఉంది, అది గిన్నెలో పట్టదు, గిన్నె పట్టుకుని నిలబడింది.

శుక్రవారం ఇక ఉండబట్టక బడికి వెళ్ళాడు. స్టాఫ్‌రూములో టీచరు ఒక్కతే, పరీక్ష పేపర్ల దొంతర ముందు కూర్చుని ఉంది.

"రండి రండి. ఏమిటిలా?" అంది.

"ఇటుగా వెళ్తుంటే..." అని మొదలుపెట్టాడు. ఆ బడి ఎటు వెళ్ళేవాళ్ళకూ దారిలో పడదు. "ఆ మూడు గీతల విద్య మీరే రాసిచ్చారు కదూ?"

"నేనా? లేదండీ. తనే రాసింది. నన్ను కాగితం అడిగింది, ఇచ్చాను."

"మరి ఎనిమిదే ఎందుకు? ఏడు ఎందుకు కాదు?"

టీచరు ఎర్రపెన్ను మూత పెట్టింది. "ఆ మాట ఆమెనే అడగొచ్చుగా. నన్ను అడగడానికి ఇంత దూరం ఎందుకొచ్చారు?"

"మీరు ప్రతి వంతుకూ టిక్కు పెడుతున్నారు. చూస్తూనే ఉన్నాను."

"అవి నా బాణాలండీ! ఎన్ని మిగిలాయో గుర్తుండవు." ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. ఆయన మొహం కాసేపు చూసి, నెమ్మదిగా అంది. "మంగళవారం దాటనివ్వండి. తరవాత మాట్లాడుకుందాం."

మంగళవారం దాటాక ఏమిటి మాట్లాడేది? ఆవిడకు తెలుసు. తెలిసి బెదిరిస్తోంది. మెట్లు దిగుతుంటే పళ్ళాయనకు ఇదే రూఢి అయిపోయింది. ఆదివారం అందరి ముందూ బయటపెడుతుంది. బావగారితో మెట్ల మీద మాట్లాడుకున్నది ఇదే. లిఫ్టుగాడు సాక్షి. ముగ్గురూ ఒక్కటయ్యారు. ఇంటికి పోయేదాకా ఆయన ముగ్గురి మీదా మనసులో కేసు నడిపి శిక్షలు కూడా వేసేశాడు. కేసులో చెల్లెలి పేరు ఒక్కసారి కూడా రాలేదు. పాపం, దానికేం తెలుసు?

ఆదివారం వచ్చింది. రాతి రాక్షసుడు కోట గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బొమ్మను ప్లాస్టరుతో పళ్ళాయనే పోశాడు, నోట్లో కట్టుడు పళ్ళు కూడా పెట్టాడు. కాపలాదారు ముందుకొచ్చింది. ఆయన తెర వెనక పాచికలు వేశాడు. నాలుగు, అయిదు. అంటే తొమ్మిది.

"అయిదు" అన్నాడు.

చెల్లెలు రాసుకోలేదు. పెన్సిల్ కింద పెట్టింది. లేచి వెళ్ళి గోడకున్న తూకం కాగితాన్ని టేపు చిరగకుండా జాగ్రత్తగా ఊడదీసుకొచ్చింది. బల్ల మీద పరిచింది.

"అన్నయ్యా, ఈ రాత నీదేగా?"

"నాదే. ఏం?"

"ఏడు దెబ్బలకు మూడు గీతలు పడతాయని రాశావు. నువ్వు తూచాక నాకు ఇరవై ఏడు దెబ్బలు తగిలాయి, ఇప్పటిది కాకుండా. ఒక్క గీత కూడా లేదు." ఆమె టీచరు వైపు తిరిగింది. "ఇందాక మెట్ల మీద అడిగాను కదా, అది మళ్ళీ చెప్పండి."

టీచరు తల పైకెత్తలేదు. "ఇరవై ఏడుసార్లు వేస్తే ఒక్కసారి కూడా ఎనిమిదికి చేరకపోవడం... ఇరవై లక్షల్లో ఒకసారి జరుగుతుంది."

"జరగొచ్చుగా!" అన్నాడు పళ్ళాయన. ఆ గొంతు ఆయనకే పరాయివాళ్ళదిలా వినిపించింది.

"జరగొచ్చు. మరి ఇది?" చెల్లెలు వేలు కాగితం పై వరసకు జరిగింది. "ఏ విద్యా లేకుండా యాభై యుద్ధాలు. ఇరవై నాలుగు చావులు. నువ్వే వేశావు, నువ్వే లెక్కపెట్టావు, సంతకం చేశావు. మరి రెండేళ్ళుగా నేనొక్కసారి కూడా చావలేదేం?"

పళ్ళాయన టీచరు వంక చూశాడు, లిఫ్టు వంక చూశాడు. బావగారు ఎప్పుడో తల దించేసుకున్నారు.

"మీరు చెప్పారా?" అన్నాడు టీచరుతో.

"ఎవరూ చెప్పలేదు" అంది చెల్లెలు. "ఉద్యోగం అడిగొచ్చిన రోజు ఆలోచిస్తూ కూర్చున్నాను. నాకు ఇంత అదృష్టం ఎప్పట్నుంచి అనిపించింది. నిన్ను సూటిగా అడిగితే ఒట్టేసి మరీ బుకాయిస్తావు. నీ అబద్ధం నోట్లో ఉంటుంది, చేతిలో ఉండదు. అందుకని నీ చేత్తోనే తూయించాను. దెబ్బ తింటే గానీ పనిచెయ్యని విద్య ఎందుకు రాశాననుకున్నావు?"

పళ్ళాయన నెలరోజులుగా ముగ్గురు దొంగలకు కాపలా కాశాడు. నాలుగో కుర్చీ వైపు ఒక్కసారీ తిరగలేదు.

"మాకు మొదట్నుంచీ తెలుసులేరా" అన్నాడు లిఫ్టు, ఇబ్బందిగా. "మా ముగ్గురికీ పాచికలు ఆగాక అంకె చెప్తావు. చెల్లెమ్మ వంతొస్తే అవి ఇంకా దొర్లుతుండగానే చెప్పేస్తావు. చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. నాది చప్పుడు విని రోగం చెప్పే ఉద్యోగం కదా."

"మంగళవారం దాకా ఎవరూ నోరెత్తొద్దని నేనే అడిగాను బావా" అన్నారు బావగారు. "మెట్ల మీద అదే మాట్లాడుకున్నాం."

చెల్లెలు మొగుడి వైపు తిరిగింది. "అంటే మీరందరూ కూడానా?"

అప్పుడు ఏడ్చింది. మొహం కప్పుకోకుండా, అందరి ఎదుటా, కోపంగా ఏడ్చింది. "నేను బతికాననుకున్నాను. తెలుసా? ఇంత చితికిపోయి కూడా, ఆలోచించి ఆడితే నిలబడగలను అనుకున్నాను. అది నాది అనుకున్నాను. నువ్వు నాకు ఏం మిగిల్చావు అన్నయ్యా? ఎల్లుండి ఆయన పక్కన కూర్చుంటాడు. నేను దేన్ని నమ్ముకుని తాళం తిప్పాలి?"

పళ్ళాయన భయపడ్డానని చెప్పాడు. ఆమె మళ్ళీ గోడవైపు తిరుగుతుందేమోనని రెండేళ్ళుగా ప్రతి ఆదివారం చచ్చేంత భయపడ్డానని చెప్పాడు. చెబుతుంటే ఆయన కళ్ళు కూడా నిండాయి. అవి చూసినా ఆమె మెత్తబడలేదు.

"ఎన్నిసార్లు?" అంది.

"పదకొండు."

ఆమె ముక్కు చీదుకుని, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. చెయ్యి చాచి అట్టపెట్టె తెరను మడిచి కింద పడేసింది. "వెయ్యి. బల్ల మధ్యలో. మీరెవరూ సాయం రావద్దు. నేనూ, ఆ రాక్షసుడూ."

"ఇవ్వాళ వద్దమ్మా. మంగళవారం అయ్యాక..."

"ఇవ్వాళే."

గులాబీ రంగు పాచికలు బల్ల మధ్యలో దొర్లాయి. ఎనిమిది. ఆమె వంగి, చుక్కలు లెక్కపెట్టి, డాలు మీద గీత గీసుకుంది. నెలరోజుల్లో మొదటి గీత. తన వంతుకు తిరిగి కొట్టింది. రెండోసారి రెండే పడింది. మళ్ళీ ఎనిమిది. మళ్ళీ ఎనిమిది. మూడో గీత పడేసరికి ఆమెకు మిగిలినవి నాలుగు ప్రాణాలు, రాక్షసుడికి ఇరవై నాలుగు.

"వెనక్కి వచ్చెయ్" అన్నారు బావగారు ఉండబట్టలేక. "గుమ్మం బయటికి వచ్చెయ్, వాడు వెంట రాలేడు."

ఆమె వేళ్ళ మీద లెక్క వేసుకుంది. "మూడు రెట్లు. నాకు ఎనిమిది పడితే వాడు చస్తాడు. అయిదింట్లో రెండు వంతులు అవకాశం. వెనక్కి వస్తే మళ్ళీ ఈ మూడు గీతలు సంపాదించలేను." తల ఊపింది. "కొడతాను."

ఏడు పడింది. ఇరవై ఒకటి పోయి, రాక్షసుడికి మూడు మిగిలాయి.

ఇప్పుడు పళ్ళాయన వంతు. పాచికలు గుప్పిట్లో పట్టుకుని చాలాసేపు ఊరుకున్నాడు. వేశాడు. ఒకటి వెంటనే ఆగింది, రెండు. రెండోది బల్ల అంచు దాకా పోయి తిరిగి తిరిగి ఆగింది, మూడు. అయిదు.

"అయిదు" అన్నాడు పళ్ళాయన. రెండేళ్ళుగా ఆయన ఆమెను బతికించిన అంకె అది. ఈసారి చంపింది.

చెల్లెలు ఆ పాచికల వంకే చూస్తూ కూర్చుంది. వేలితో ఒకదాన్ని తాకింది, నిజంగా అక్కడుందో లేదో చూసుకున్నట్టు. తరవాత కాపలాదారు కాగితాన్ని దగ్గరకు లాక్కుని, ముప్ఫై ప్రాణాల గడిలో సున్నా రాసింది. మళ్ళీ ఏడుస్తుందని అందరూ ఎదురుచూశారు. ఏడవలేదు.

"మళ్ళీ అదే వంతు వచ్చినా కొట్టేదాన్నే" అంది, తనలో తను అనుకున్నట్టు. "వెనక్కి వచ్చేదాన్ని కాదు."

"సరైన నిర్ణయమే" అంది టీచరు. "నేనైనా అదే చేసేదాన్ని."

చెల్లెలు లేచింది. భర్త ముందు చెయ్యి చాచింది. "కారు తాళాలివ్వండి." బావగారు జేబులు తడుముకుంటుంటే అన్నగారి వైపు చూసింది. "నువ్వు రా. నీకు నేను చేతకాని దాన్నని రెండేళ్ళుగా నమ్మకం కదా. పక్కన కూర్చుని చూడు."

అలా కాదమ్మా అనబోయి పళ్ళాయన ఆగిపోయాడు. ఒక రకంగా అలాగే కదా.

ఆదివారం మధ్యాహ్నం, వీధిలో జనం పలచగా ఉన్నారు. ఆమె సీటు ముందుకు జరుపుకుంది, తాళం తిప్పే ముందు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఊపిరి తీసుకుంది. తిప్పింది. కారు ఇస్త్రీ దుకాణం దాటింది, కిరాణా కొట్టు దాటింది. ఎదురుగా బస్సు వచ్చినప్పుడు పళ్ళాయన కుడికాలు నేలను గట్టిగా తొక్కింది.

"అన్నయ్యా, అక్కడ బ్రేకు లేదు" అంది ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు. మార్కెట్టు చుట్టూ తిరిగారు. ఒక కుడి మలుపు, ఒక ఎడమ మలుపు, ఒక ఎత్తు, రైలు గేటు. గేటు దగ్గర ఆగి, మళ్ళీ బయల్దేరి, చెట్టు నీడన కారు పక్కకు ఆపింది. బండి ఆపి చేతులు చక్రం మీదే ఉంచుకుంది.

"ఎలా నడిపాను?"

బంగారంలా నడిపావు అన్న మాట ఆయన నాలుక చివరకు వచ్చేసింది. నోరు తెరిచాడు. మూశాడు. ఇస్త్రీ దుకాణం దగ్గర్నుంచి మొత్తం దారిని మనసులో మళ్ళీ ఒకసారి తిరిగొచ్చాడు. చెల్లెలు తొందర చెయ్యకుండా ఎదురుచూసింది.

"ఎడమ మలుపులో" అన్నాడు చివరకు, "అద్దం చూడలేదు నువ్వు. సైకిలు మనిషి ఒకడున్నాడు పక్కన."

అన్నాక ఆమె మొహం చూడ్డానికి ధైర్యం చాలలేదు. కిటికీలోంచి బయటకు చూశాడు.

"చూడలేదు" అంది చెల్లెలు. మళ్ళీ తనే, "అవును, చూడలేదు" అంది. ఆ గొంతులో కోపం లేదు. కొలత తప్పిందని తెలిసినప్పుడు పనివాడి గొంతు ఎలా ఉంటుందో అలా ఉంది. తరవాత మళ్ళీ తాళం తిప్పి, అద్దం సరిచేసుకుని, వెనక ఎవరూ రావడం లేదని చూసుకుని, కారును ఆ మలుపు వైపే వెనక్కి తిప్పింది.